రాప్తాడులో అక్షింతలు

అనంతపురంలో బెంగుళూరు బస్సు ఎక్కినవారు రాప్తాడు మీదుగానే పోతారు. చూసినవారు మాత్రం తక్కువ. బస్సు ఊపందుకునేలోపల ఊరు వస్తుంది, కిటికీ అద్దం సర్దుకునేలోపల వెళ్ళిపోతుంది. తరువాత కంటికి మిగిలేది ఎర్ర నేల, నల్ల గుండ్లు, దూరాన ఒక బోడి కొండ, రోడ్డు వార జిల్లేడు పొదలు. "ఇక్కడేం పండుతుందండీ?" అని పక్క సీటులోని కోస్తా పెద్దమనిషి అడగడం, "చెనక్కాయలు" అని ఎవరో జవాబు చెప్పడం, ఆయన కళ్ళు మూసుకుని కునుకు తీయడం - ఇది నేను ఎన్నోసార్లు చూసిన నాటకమే.

ఆయనను తప్పు పట్టలేము. ఈ జిల్లాలో సంవత్సరం మొత్తానికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. జైసల్మేరు తరువాత దేశంలో ఇంత తక్కువ వాన చూసే జిల్లా మాదేనని మా వైపు బడిపిల్లలు కూడా అప్పగిస్తారు, అదేదో బిరుదైనట్టు. ఆ కాస్త వానకూ వేళాపాళా లేదు. విత్తనం వేసినప్పుడు మొహం చాటేసి, కాయ పీకి కుప్ప వేసినప్పుడు వచ్చి తడిపి పోతుంది. సంవత్సరంలో ఎక్కువ నాళ్ళు ఇసుక తప్ప ఏమీ కనిపించని పండమేరు వంక, 2024 అక్టోబరులో ఉన్నట్టుండి పొంగి అనంతపురం శివారు కాలనీలను ముంచేసింది. ఇటువంటి నేల మీద రైతే కాదు, పురుగు కూడా లెక్క చూసుకుని బతకాలి. అలా లెక్క చూసుకుని బతికే ఒక పురుగును గురించే ఈ నాలుగు ముక్కలూ. కందిపప్పు బద్దంత ఉంటుంది. ఎర్రగా గుండ్రంగా, వీపున నల్లని చుక్కలతోనో గీతలతోనో మెరుస్తుంటుంది. మీ పెరట్లోనూ ఉండే ఉంటుంది.

రాప్తాడులో మా పెద్దమ్మ ఉన్నది. డెబ్భై దాటిన మనిషి. ఇంటి వెనుక నాలుగు సెంట్ల పెరడు. బోరు నీళ్ళు చేనుకే చాలవు గనుక పెరటికి దక్కేది బియ్యం కడిగిన నీళ్ళూ, అంట్లు తోమిన నీళ్ళూ. ఆ నీళ్ళతోనే రెండు చిక్కుడు పాదులు పందిరికెక్కించింది. వాటి కింద నాలుగు వంగ మొక్కలు, మూలన ఒక మందారం, బావి గట్టున కరివేపాకు. బావి అన్నానే గాని అందులో నీళ్ళుండి ఎన్నేళ్ళయిందో ఆవిడకే జ్ఞాపకం లేదు. కార్తికం నుంచి మాఘం దాకా ఆ యింట్లో వారానికి నాలుగు రోజులు చిక్కుడుకాయ కూరే. సంతకు పోయి కూరగాయలు కొనవలసిన పని ఆ పందిరి వల్ల తప్పుతున్నది.

సంక్రాంతి సెలవుల్లో నేను వెళ్ళేసరికి ఆ పందిరి కింద చిన్నపాటి యుద్ధం జరుగుతున్నది. తీగల చివుళ్ళకూ, పూగుత్తులకూ, లేత పిందెలకూ నల్లగా మసి పూసినట్టు పేనుబంక పట్టింది. వేలితో తాకితే జిగురు. కింది ఆకుల మీద ఆ జిగురు కారి, దాని మీద బూజు పట్టి, ఆకులు పొయ్యిగడ్డ రంగుకు తిరిగాయి. పెద్దమ్మ కొడుకు, అంటే మా తమ్ముడు, స్ప్రేయర్ డబ్బా భుజాన వేసుకుని నిలబడ్డాడు. ఖరీఫులో చెనక్కాయకు కొట్టగా మిగిలిన మందు సీసాలో అడుగున ఉన్నదట.

"వద్దురా అబ్బీ, రేపు కూరకు కోసేది ఆ కాయలే గదా!" అన్నది పెద్దమ్మ.

"కొట్టకుంటే కోసేదానికి కాయే ఉండదు" అన్నాడు వాడు.

వాడి మాటలోనూ న్యాయం ఉన్నది. పేనుబంక పెరిగే తీరు తెలిసినవారెవరూ దాన్ని చూసి నిశ్చింతగా ఉండలేరు. ఈ జాతిలో మన ఎండల దేశంలో మగదానితో పనే లేదు. ఆడపేను గుడ్డు కూడా పెట్టకుండా నేరుగా పిల్లలను కంటుంది. ఆ పిల్ల వారం తిరిగేసరికి తానే తల్లి అవుతుంది. వాన పడితే కొంత కొట్టుకుపోతుంది గాని, బెట్ట పడితే దానికి పండుగే. చెనక్కాయకు పట్టేదీ, చిక్కుడుకు పట్టేదీ, అలసందకు పట్టేదీ ఈ ఒక్క జాతే. ఆదివారం నాడు నాలుగు ఆకుల మీద ఉన్నది మరుసటి ఆదివారానికి పందిరంతా పాకుతుంది. పేను కక్కే తీపి జిగురు కోసం చీమలు బారులు తీరతాయి. మన గోపాలకులు ఆవులను కాచినట్టు అవి పేలను కాస్తాయి. తినడానికి వచ్చినవాటిని కరిచి తరుముతాయి కూడా.

పెద్దమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని ఒక చివురు దగ్గరకు లాక్కుపోయింది. అక్కడ రెండు అక్షింతల పురుగులు తాపీగా మేస్తున్నాయి. "ఇవి వచ్చినాయి చూడు. పది దినాలు ఆగు. అప్పటికీ తగ్గకుంటే నీ ఇష్టం" అన్నది. మహిళా సంఘంలో ప్రకృతి వ్యవసాయం వాళ్ళు వచ్చి మిత్ర పురుగులు, శత్రు పురుగులు అని చెప్పిపోయిన పాఠం ఆవిడకు బాగా పట్టుబడింది. 2016 నుంచి రాష్ట్రంలో ఊరూరా సాగుతున్న ఆ కార్యక్రమంలో మగవారి కంటె సంఘాల ఆడవారే ముందున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు. పెరడు ఎప్పుడూ వారి చేతి కిందిదే.

తెలుగు పంతులును గనుక పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. పెళ్ళిలో తలల మీద నుంచి జారి పీటల చుట్టూ పడ్డ పసుపు కుంకుమల బియ్యాన్ని చూసి ఎవరో ఈ పురుగుకు అక్షింతల పురుగు అని పేరు పెట్టారు. వ్యవసాయ శాఖవారి పుస్తకాల్లోకి కూడా ఆ పేరే ఎక్కింది. ఇంగ్లీషువారు లేడీబర్డ్ అంటారు; ఆ లేడీ మరెవరో కాదు, మేరీమాత. రెండు జాతులకూ దీన్ని చూడగానే శుభమే తోచిందన్నమాట. దీన్నీ ఆరుద్ర పురుగునూ ఒకటిగా అనుకునేవారున్నారు. అది వేరు. తొలకరిలో ఎర్ర మఖమలు ముక్కలాగ నేల మీద పాకేది ఆరుద్ర పురుగు. దానికి ఎనిమిది కాళ్ళు, రెక్కలుండవు. మన సంస్కృత కవులు వర్షర్తు వర్ణనలో ఇంద్రగోపమని మురిసిపోయింది ఆ పురుగును చూసే.

ఇంతకంటె ముఖ్యమైన పొరపాటు మరొకటి ఉన్నది. పెద్దమ్మ పందిరి కిందే అది జరగబోయింది. నాలుగో రోజున మరదలు - తమ్ముడి భార్య - కాయలు కోస్తూ కెవ్వున కేక వేసి, చీపురు తీసుకుని పరుగెత్తుకు వచ్చింది. ఆకు మీద నల్లగా పొడుగ్గా, ఆరు కాళ్ళతో, వీపున నారింజ రంగు మచ్చలతో ఒక వికారపు ప్రాణి పాకుతున్నది. అచ్చంగా బియ్యపు గింజంత మొసలి. "అమ్మా, కొత్త పురుగు పట్టింది!" అన్నది. పెద్దమ్మ చీపురు లాక్కుని, "అది బిడ్డే, ఆ పురుగు బిడ్డ!" అన్నది.

ఈ సంగతి తెలియక మనవాళ్ళు ఎన్ని వేల పిల్లలను నలిపివేస్తున్నారో చెప్పలేము. తల్లిని చూసి ముచ్చటపడతారు, బిడ్డను చూసి చెప్పు తీస్తారు. తినడంలో తల్లికి బిడ్డ ఏమీ తీసిపోదు. తల్లి పేనుబంక దగ్గరే చూసి, ఆకు అడుగున పసుపుపచ్చని గుడ్లు నిలువుగా, దగ్గర దగ్గరగా, గుంపుగా పెడుతుంది. మన వేడికి మూడు నాలుగు రోజుల్లో అవి పగులుతాయి. ఆ మొసలిపిల్ల నాలుగు మార్లు కుబుసం విడిచి పెరిగేలోపల కొన్ని వందల పేలను తింటుంది. తరువాత తోకను ఆకుకు అతికించుకుని, కదలక మెదలక, ఎండిన చింతగింజ పొట్టులాగ ఉంటుంది. అది రోగం అనుకుని ఆకు తుంచి పారేసేవారూ ఉన్నారు. కొద్ది రోజులకు దాన్ని చీల్చుకుని అక్షింతల పురుగు బయటికి వస్తుంది. గుడ్డు నుంచి ఇంతవరకూ రెండు మూడు వారాలు. మీ పిల్లలకు దీన్ని ఒక్కసారి పెరట్లో చూపించండి. పాఠ్యపుస్తకంలోని సీతాకోకచిలుక బొమ్మ కంటె బాగా గుర్తుంటుంది.

అలాగని వీపు మీద చుక్కలున్నదల్లా చుట్టమని అనుకోరాదు. పెద్దమ్మ వంగ మొక్కల మీద ఇదే కుటుంబానికి చెందిన మరొక పురుగు ఉన్నది. మా వైపు దాన్నీ అక్షింతల పురుగే అంటారు. ఇంటిపేరు ఒకటే గాని గుణం వేరు. అది శాకాహారి, మన కర్మకు. వంగ ఆకు పచ్చదనాన్ని గీకి తిని ఈనెలను జల్లెడలాగ మిగులుస్తుంది. గుర్తు పట్టడం కష్టం కాదు. మంచిది గాజుపూసలాగ మెరుస్తుంది. చెడ్డదానికి ఆ నిగనిగ ఉండదు, ఒంటిమీద సన్నని నూగు, రాగి చెంబు తోమనట్టి రంగు, చుక్కలు ఇరవై ఎనిమిది దాకా. దాని పిల్ల పసుపుపచ్చగా, ఒళ్ళంతా ముళ్ళతో ఉంటుంది. వాటిని పెద్దమ్మ పొద్దున్నే చేత్తో ఏరి సబ్బునీళ్ళ చెంబులో వేస్తుంది. నాలుగు మొక్కలకు అంతకంటె శాస్త్రం అక్కర లేదు.

ఇక ఆ పది రోజుల్లో పెద్దమ్మ చేసినది స్వల్పమే. పందిరి గుంజలకూ పాదుల మొదళ్ళకూ ఆముదంలో తడిపిన గుడ్డపేలికలు చుట్టి చీమల దారి కట్టివేసింది. పూర్తిగా బంక కట్టి ముడుచుకుపోయిన చివుళ్ళను, పిల్లలు గాని గుడ్లు గాని లేవని చూసుకుని, తుంచి కాల్చివేసింది. పేనుబంకను నీటి ధారతో గట్టిగా కొట్టి కడగండి అని పుస్తకాల్లో రాస్తారు. రాప్తాడులో ఆ సలహా చదివి వినిపిస్తే పెద్దమ్మ నవ్వింది.

తమ్ముడికి మాత్రం నమ్మకం చిక్కలేదు. ఇది ముసలమ్మ ఛాదస్తమని వాడి అభిప్రాయం. అందుకని వాడికి కాలిఫోర్నియా కథ చెప్పాను. చీనీ తోటలు పెంచే జిల్లావారందరూ వినదగిన కథ అది. అక్కడి నారింజ తోటలకు 1860ల చివర ఆస్ట్రేలియా నుంచి ఒక తెల్లని పొలుసు పురుగు చేరింది. ఇరవై ఏళ్ళలో చెట్లు మంచు పట్టినట్టు తెల్లబడి ఎండిపోసాగాయి. ఏ మందూ పని చేయలేదు. తోటలు నరికేయవలసి వచ్చింది. 1888లో ఆల్బర్టు కోబెలె అనే ఆయనను ఆస్ట్రేలియాకు పంపారు. పుట్టిన చోట ఆ పొలుసు పురుగును ఎవరు అదుపులో పెడుతున్నారో చూసిరమ్మన్నారు. ఆయన కనిపెట్టినది చిన్న ఎర్రని అక్షింతల పురుగు. ఆ ఏడు నవంబరు నుంచి 1889 జనవరి వరకు ఓడల మీద అమెరికా చేరినవి 129 పురుగులు. వాటి సంతతి ఆ సంవత్సరం తిరిగేలోగా తోటలను నిలబెట్టింది. ఇదే పొలుసు పురుగు మన నీలగిరిలో తుమ్మజాతి చెట్లకు పట్టినప్పుడు 1929లో ఈ పురుగునే తెప్పించి వదిలారు.

కథ విని వాడు సూటిగా అడిగాడు. "అయితే మనమూ కొనుక్కొచ్చి వదులుదాం. యాడ దొరుకుతాయన్నా?"

ప్రశ్న సబబైనదే. జవాబు కూడా వాళ్ళ ఊరి రోడ్డు మీదే ఉన్నది. రాప్తాడు ముందు నుంచి పోయే జాతీయ రహదారి బెంగుళూరు చేరబోయే ముందు హెబ్బాళ మీదుగా పోతుంది. అక్కడ వ్యవసాయ కీటకాల జాతీయ సంస్థ ఉన్నది. మేలు చేసే పురుగులను గురించిన పరిశోధనకు దేశంలో అది పెద్ద స్థానం. అక్షింతల జాతిలోనే నల్లని రెక్కలు, నారింజ రంగు తల ఉండే పురుగొకటి 1898లోనే ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి వచ్చింది. దానికి పిండినల్లి అంటే ప్రాణం. ద్రాక్ష తోటల్లో వదలడానికి దాన్ని ఎలా పెంచుతారనుకున్నారు? గుమ్మడికాయల మీద! ఎర్ర గుమ్మడికాయలకు పిండినల్లిని అంటించి, అది తెల్లగా పట్టిన తరువాత ఈ పురుగులను వదులుతారు. మన పెళ్ళివారి వంటశాలలా వరుసగా గుమ్మడికాయలు పేర్చి ఉంటాయి. పెద్దమ్మ మందార చెట్టుకు పిండినల్లి పడితే ఆ పురుగు పనికి వస్తుంది. అయితే దాని పిల్ల ఒళ్ళంతా తెల్లని మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది గనుక, డబ్బు పోసి కొని, తెచ్చి వదిలి, నాలుగో రోజున మనమే దాన్ని నలిపివేయగలము.

చిక్కుడు పేనుకు మాత్రం కొనుగోలు బేరం కుదరదు. అమెరికాలో చలికాలం కొండల్లో గుంపులుగా నిద్రపోయే అక్షింతల పురుగులను సంచుల్లోకి ఎత్తి, పెరటి తోటలవారికి అమ్ముతారు. తోటలో విప్పగానే వాటిలో చాలా భాగం నాలుగు రోజుల్లో ఎగిరిపోతాయి. అమ్మినవాడికి తప్ప ఎవరికీ లాభం లేదు. తూర్పు ఆసియా నుంచి కోరి తెచ్చుకున్న మరొక జాతి అమెరికాలోనూ యూరపులోనూ స్వదేశీ అక్షింతలను అణగదొక్కి, చలికాలంలో జనం ఇళ్ళల్లో దూరి కూర్చుంటున్నది. పిలవని చుట్టం కంటె పిలిచి తెచ్చుకున్న చుట్టంతోనే తంటా ఎక్కువ. మన నేల పురుగు మన దగ్గర ఉండగా సంచి ఎందుకు?

ఉన్నదంటే, ఈ కరువు సీమలో ఏడాది పొడుగునా ఎక్కడ ఉన్నది? పందిరి మీద పేనుబంక నాలుగు నెలలు. చేలో చెనక్కాయ మరి మూడు నాలుగు నెలలు. ఎండాకాలంలో ఆకు అన్నది లేనప్పుడు అది ఏం తిని బతుకుతుంది?

దీనికి సమాధానం నాకు రథసప్తమి నాడు దొరికింది. తలస్నానానికి ఏడు జిల్లేడు ఆకులు కోసుకు రమ్మని పెద్దమ్మ పంపింది. పెరటి గోడ అవతల పొద దగ్గర ఆకు తిరగేస్తే దాని నిండా బంగారు రంగు పేను. ఆ పేను మధ్య చిక్కుడు పందిరి మీద చూసిన ఆ వంకర గీతల అక్షింతల పురుగే, గుడ్లతో సహా. నీళ్ళు పోసేవారు లేక, మేకలు కూడా ముట్టక, చుట్టూ నేల పగులుతున్నా పచ్చగా ఉండేది జిల్లేడు ఒక్కటే. ఆ పసుపు పేను జిల్లేడు, గన్నేరు వంటి వాటినే గాని చిక్కుడు జోలికి రాదు. జిల్లేడు పాల విషం దాని ఒంట్లోనూ ఉంటుంది గనుక అక్షింతలకు అదేమీ విందు భోజనం కాదు. కరువు నాటి గంజి. కాని గంజితోనే గదా మా సీమవారు కరువులు దాటింది.

ఆ పొదను కొట్టించి గోడ బాగు చేయాలని తమ్ముడు అంతకుముందే కూలి మాట్లాడాడట. నేను ఆకులు తెచ్చి చూపించిన తరువాత గోడ బాగయింది గాని పొద మిగిలింది. చేను గట్ల మీది జిల్లేళ్ళు, పూతకు వదిలేసిన నాలుగు కొత్తిమీర మొక్కలు, ఆవ మొక్కలు - వాటి పుప్పొడి కూడా అక్షింతలకు ఆకలి తీరుస్తుంది - వీటిని బొత్తిగా ఊడ్చి శుభ్రం చేసిన తోటలో మిత్ర పురుగు నిలవదు. శుభ్రమంటే మనకున్న మోజు పురుగుల దాకా పోనక్కర లేదు.

అయితే గట్టు మీది ప్రతి కలుపునూ కాపాడమని నేననడం లేదు. 2000 సంవత్సరంలో ఈ జిల్లా చెనక్కాయ చేలల్లో ఒక వైరస్ తెగులు వచ్చి మొక్కలు కాండంతో సహా ఎండిపోయాయి. రెండు లక్షల హెక్టార్లకు పైగా పంట దెబ్బతిన్నది, నష్టం మూడు వందల కోట్ల రూపాయలు దాటింది. ఆ వైరస్ దాగి ఉన్నది వయ్యారిభామ అనే కలుపు మొక్కలో. దాని పుప్పొడితో పాటు చేనుకు చేర్చినవి తామర పురుగులు. అక్షింతలు అటువంటి ఉపద్రవాన్ని ఆపలేవు. కాయలోపల దూరి తినే పురుగును అందుకోలేవు. గొంగళి పురుగుల దండు వస్తే పక్కకు తప్పుకుంటాయి. అందుకని వయ్యారిభామను పూత రాకముందే పీకవలసిందే, జిల్లేడును ఉంచవలసిందే. ఆ తెగులు తరువాత శాస్త్రజ్ఞులు చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న గాని సజ్జ గాని వేసుకోమన్నారు. తామర పురుగుకు అది అడ్డుగోడ. ఆ జొన్నకు పట్టే పేను చెనక్కాయకు రాదు, దాన్ని తిని అక్షింతలు మాత్రం పెరుగుతాయి. ఒక్క గోడకు రెండు పనులు.

పందిరి సంగతి చెప్పాలి. పెద్దమ్మ అడిగిన పది రోజులు పదమూడు అయ్యాయి. ఒక పాదు చివుళ్ళు బాగా దెబ్బతిన్నాయి. పూత సగం రాలింది. రెండో పాదు నిలిచింది. ఆకుల మీద పేనుబంకకు బదులు పేను తిని వదిలిన తెల్లని పొట్టు, అక్కడక్కడ ఖాళీ అయిన గూళ్ళు. కాయ ఆలస్యంగా వచ్చింది, తక్కువగానూ వచ్చింది. కాని కోసిన కాయను పిల్లలు పచ్చిదే నమిలినా ఎవరూ అదలించనక్కర లేకపోయింది.

తమ్ముడు సీసా పారేయలేదు. పిల్లల చేతికి అందకుండా అటక మీద పెట్టాడు. వాడికి నేను ఏమీ చెప్పలేదు. ఐదెకరాల పంట మీద అప్పు తెచ్చినవాణ్ణి, పెరట్లో ఒక పాదు గెలిచింది గనుక చేనంతా ఒడ్డమనడానికి నెల జీతగాణ్ణి నాకేమి హక్కు? వాడే ఒక మెట్టు దిగాడు. ఈ ముంగారులో మొదటి పదును కాగానే ఇంటికి దగ్గరి ఎకరంలో చుట్టూ సజ్జ, మధ్య మధ్య అలసంద వేసి, పేను కనిపించిన రోజు నుంచి పది రోజులు డబ్బా ముట్టుకోకుండా చూస్తానన్నాడు. పెద్దమ్మ సజ్జ విత్తనాలు వేపాకు కలిపి అప్పుడే మూట కట్టి, అటక మీద ఆ సీసా పక్కనే పెట్టింది.